బాకా దొంగ అనిసెతో కెనడా కాగితాలు

అనిసెతో మకటంగై అయిదు నెలలు జైల్లో ఉండి వచ్చాడన్న సంగతి ఆయన కూతురు లువల్హాతికి ముప్ఫై అయిదో ఏట తెలిసింది. అదీ మా చర్చి నేలమాళిగలో, నా బల్ల ముందు కూర్చుని ఉండగా.

నేను కెనడాలోని విన్నిపెగ్‌కి వచ్చింది కుట్టుపని మీద. ఇరవై ఆరేళ్లు చలికోట్లకి జేబులు కుట్టాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక కళ్లూ చేతులూ ఊరుకోలేక, గురువారం గురువారం చర్చిలో కూర్చుని మావాళ్లకి వలస కాగితాలు నింపిపెట్టడం మొదలుపెట్టాను. ఈ ఊళ్లో ఫిలిప్పినో ఇల్లు లేని వీధి లేదు. వాళ్లలో ఎంతమంది అమ్మలు, నాన్నలు నా చేతిరాత మీద విమానం దిగారో లెక్క పెట్టలేదు. అందరికీ నేను పురీ అక్కనే.

చంటి కవల పిల్లలున్న లువల్హాతి ఆసుపత్రి వంటింట్లో పని చేస్తుంది. తల్లి పోయింది. తండ్రిని తెచ్చుకోవాలని మూడేళ్లుగా ప్రయత్నిస్తుంటే, తల్లిదండ్రులని రప్పించుకోవడానికి ప్రభుత్వం వారు తీసే లాటరీలో ఆ ఏడు పేరు తగిలింది. ఫారాలన్నీ ఇద్దరం కలిసి నింపేశాం. "ఎప్పుడైనా ఏ దేశంలోనైనా నేరానికి శిక్ష పడిందా" అన్నచోట, ఆయన్ని ఫోనులో అడిగి మరీ, లేదు అని రాశాను. ఇక మనీలా నుంచి పోలీసు ధ్రువపత్రం ఒక్కటి రావాలి. అనిసెతో దాన్ని తీసుకుని, ఫోనుతో ఫొటో తీసి పంపాడు. వేలు అడ్డం వచ్చి సగం కనబడలేదు. కనబడిన సగంలో ఉంది: దొంగతనం కేసు, పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది, శిక్ష పూర్తయినది.

"ఇంకెవరిదో అయ్యుంటుంది అక్కా. మా నాన్న పేరు మీద ఇంకొకడు ఉండుంటాడు," అంది లువల్హాతి.

"అనిసెతో మకటంగై అనే పేరు దేశంలో ఇద్దరికి పెడతారా తల్లీ. ఫోను చెయ్యి."

చేసింది. తెర మీద ఆయన నెత్తీ, వెనక గోడ మీద క్యాలెండరూ కనబడ్డాయి. మా దేశంలో బతంగాస్ జిల్లావాళ్లందరిలాగే ఆయనా పొద్దున లేవగానే తారులాంటి కాఫీ పెద్ద గ్లాసుడు ముందు పెట్టుకుంటాడు.

"నాన్నా, నువ్వు జైలుకెళ్లావా?"

"ఎవరు చెప్పారు?"

"గవర్నమెంటు చెప్పింది."

"ఏ గవర్నమెంటు? అప్పటి గవర్నమెంటు పోయి ఎన్నేళ్లయింది."

"నాన్నా. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు ఓడ మీద పనికెళ్లావని అమ్మ చెప్పింది."

"మీ అమ్మ చెప్పింది. నేను చెప్పానా?"

"ఓడ నుంచి నాకు గవ్వల దండ తెచ్చావు."

"జైల్లో గవ్వలు గుచ్చే పని ఉండేది. మంచి పనే. చేతికి వేగం వస్తుంది."

"క్లాసులో లేచి నిలబడి మా నాన్న జపాన్ చూశాడని చెప్పాను నేను."

అనిసెతో ఒక గుక్క తాగి, "చూసుంటే బాగానే ఉండేది," అన్నాడు.

లువల్హాతి ఫోను నా చేతిలో పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో వెనకనుంచి తెలియలేదు. నేనే అడిగాను.

"అన్నయ్యా, ఫారంలో శిక్ష పడిందా అంటే లేదన్నారు కదా. ఎందుకు అబద్ధం చెప్పారు?"

"అబద్ధం ఎక్కడ చెల్లెమ్మా. నేరానికి శిక్ష పడిందా అని కదా అడిగావు. నాకు శిక్ష పడింది. నేరం మాత్రం చెయ్యలేదు."

"ఏం దొంగిలించారు?"

"బాకా," అన్నాడు.

చిన్న బాకా కాదు. బ్యాండు మేళంలో అన్నిటికన్నా పెద్దది, మనిషి అందులోకి దూరి భుజాన మోసుకోవలసిన ఇత్తడి బాకా. అడుగుస్వరం దానిదే. మిగతా వాయిద్యాలన్నీ దాని మీద కాళ్లు పెట్టుకుని నడుస్తాయి. శాన్ రోకె ఊరి మేళంలో అనిసెతో దాన్ని పదకొండేళ్లు ఊదాడు. పగలు కొబ్బరికాయలు ఒలిచే పని, సాయంత్రం బాకా. పెళ్లాం కన్నా దాన్ని ఎక్కువ తుడుస్తావని భార్య అనేదట. ఎనభై ఎనిమిదిలో ఊరి జాతరకి రెండు రోజులుందనగా మేళం పెద్ద ఎపిఫానియో మేష్టారు ఆ బాకాని తీసి తన మేనల్లుడి భుజానికి తగిలించాడు. అనిసెతోని తాళాలు వాయించమన్నాడు.

"తాళాలు, చెల్లెమ్మా. పదకొండేళ్లు బాకా ఊదినవాడిని మూతలు కొట్టుకోమన్నాడు."

జాతర ముందు రోజు మేష్టారింటి వెనక గదిలోంచి బాకాని భుజాన వేసుకుని ఆయన నడిచి వెళ్లిపోయాడు. పట్టపగలే. ఎవరూ అడగలేదు. ఆ మనిషి భుజాన ఆ బాకా ఉండటం ఊరందరికీ అలవాటు. కొబ్బరి ఎండబెట్టే పాకలో, కాయల కుప్ప వెనక దాచాడు. పోలీసులు ఇల్లు వెతికారు, బావిలో గడ వేసి చూశారు. దొరకలేదు. మర్నాడు అడుగుస్వరం లేకుండానే ఊరేగింపు బయల్దేరింది.

"అలా నోరు మూసుకుని ఉంటే మీరు దొరికేవాళ్లు కాదు కదా?"

"ఉందామనే అనుకున్నా. కానీ వాళ్లు పాక ముందునుంచి వెళ్తున్నారు. అడుగు లేకుండా ఆ పాట ఎలా ఉంటుందో నీకు తెలీదు. పళ్లు లేని ముసలమ్మ మాట్లాడినట్టుంటుంది. నాలుగు వరసలు ఓర్చుకున్నాను."

అయిదో వరసకి కొబ్బరి పాక లోంచి అడుగుస్వరం మొదలైంది. పునీతుడి పల్లకీ మోసేవాళ్లు తల తిప్పకుండానే అడుగు సరిచేసుకున్నారట. మేళం మొత్తం ఒక్కసారిగా తేరుకుంది. ఎపిఫానియో మేష్టారు ఊరేగింపు ఆపలేదు. పాట పూర్తిగా అయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అయ్యాక పోలీసాయన వైపు తిరిగి పాక చూపించాడు.

మా చర్చికి వచ్చే లాయరమ్మ ఆ గురువారమే ఈ కథంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇంత పాత దొంగతనమైతే అధికారుల్ని ఎలాగోలా ఒప్పించవచ్చు. దాచిపెట్టి దొరికితే మాత్రం అయిదేళ్లు గుమ్మం తొక్కనివ్వరు. ఫారం ఇంకా పంపలేదు కాబట్టి బతికిపోయారు. అవును అని రాయండి. తీర్పు నకలు కావాలి. చేసిన పనికి పశ్చాత్తాపపడుతున్నానని ఆయన సొంత మాటల్లో ఉత్తరం కావాలి. ఇప్పుడాయన మంచివాడేనని ఎరిగినవాళ్లు రాసివ్వాలి," అంది.

మొదటిదే తేలిక అనుకున్నాం. తీర్పు నకలు కోసం అనిసెతో జిల్లా కోర్టుకి నాలుగుసార్లు తిరిగాడు. మూడుసార్లు ఫైలు దొరకలేదు. నాలుగోసారి దొరికింది. గుమాస్తా కుర్రవాడు అది ఆయనకి కావలసినదేనా అని సరిచూడటానికి పైకి చదవడం మొదలుపెట్టాడు. "నిందితుడు సదరు వాయిద్యమును వాయించుచుండగా పట్టుబడెను" అన్నచోట ఆగి, ఇంకోసారి చదివి, లోపలినుంచి ఇంకో గుమాస్తాని పిలిచాడు. వరసలో నిలబడ్డవాళ్లు దగ్గరికి జరిగారు. ఒకాయన భూమి తగాదా కాగితం పక్కన పెట్టి, "బాగా వాయించావా మరి?" అని అడిగాడట. ఆ రోజు నకలుకి ముద్ర వెయ్యడానికి ఎవరూ ఆలస్యం చెయ్యలేదు.

పశ్చాత్తాపం దగ్గర చిక్కొచ్చింది.

మొదటి ఉత్తరం ఆరు పేజీలు వచ్చింది. అందులో ఎపిఫానియో మేష్టారి మేనల్లుడి ఊపిరితిత్తుల గురించి రెండు పేజీలు, మేష్టారి పక్షపాతం గురించి మూడు. చివరి పేజీలో, కెనడా ప్రభుత్వం వారు ఈ విషయం మీద విచారణ జరిపించగలరని కోరాడు.

లువల్హాతి ఫోనులో అరిచింది. రెండో ఉత్తరం ఒక్క వాక్యం. "ఊదినందుకు విచారిస్తున్నాను."

"ఎత్తుకుపోయినందుకు కదా నాన్నా విచారించాలి."

"ఎత్తుకుపోయినందుకు విచారం లేదు. ఊదకుండా ఉంటే దొరికేవాడిని కాదు. దానికి విచారం. నిజం చెప్పమన్నారుగా."

ఇక నేను దిగాను. నా కుట్టుపనిలో ఒక తప్పు కుట్టు విప్పడానికి ఎంత ఓపిక కావాలో అంత ఓపికతో మొదలుపెట్టాను.

"అన్నయ్యా, ఆ బాకా ఎవరిది?"

"ఊరిది."

"మీది కాదు కదా."

"మేష్టారిది కూడా కాదు."

"మేష్టారు దొంగిలించాడని ఎవరూ అనట్లేదు. ఆ అయిదు నెలలూ ఇంట్లో ఎలా గడిచింది?"

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. గొంతు తగ్గించి అన్నాడు. "లువల్హాతి వాళ్లమ్మ చేపలమ్మింది. తెల్లారకముందే రేవుకి పోయేది. పిల్లని పక్కింట్లో పడుకోబెట్టి. నేను జైల్లో గవ్వలు గుచ్చుకుంటూ కూర్చున్నా."

"అది రాయండి."

"అది కెనడాకెందుకు?"

"కెనడాకి కాదు. రాయండి."

వారం తర్వాత మూడో ఉత్తరం వచ్చింది. మూడు పేజీలు. ముత్యాల్లాంటి అక్షరాలు. చేపల బుట్ట మోసి మోసి కాయ కాచిన భార్య మెడ గురించి ఉంది అందులో. అబద్ధపు ఓడ గురించి ఉంది. ఆ తర్వాత మళ్లీ ఎవరి వస్తువూ ముట్టుకోలేదని, పక్కింటి జామచెట్టు కొమ్మ తన ప్రహరీలోకి వంగినా కాయ కోసుకోలేదని రాశాడు. లువల్హాతి దాన్ని నా బల్ల మీదే చదివి, మడత పెట్టి, మళ్లీ విప్పి, పనికి ఆలస్యమైందని చెప్పి లేచింది. ఆలస్యమేమీ కాలేదు. గడియారం నా ఎదురుగానే ఉంది.

ఎరిగినవాళ్ల ఉత్తరాలు మూడు కావాలి. ఒకటి ఫాదర్ ఇచ్చాడు, ఒకటి బడి పెద్ద పంతులమ్మ ఇచ్చింది. మూడోది బాకా పోగొట్టుకున్నాయనే రాస్తే దానికి మించిన బలం లేదని లాయరమ్మ అంది. ఎపిఫానియో మేష్టారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఇల్లు అనిసెతో ఇంటికి నలభై అడుగులు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. చావులకి వెళ్లినా ఒకరు శవపెట్టెకి ఈ పక్కన, ఒకరు ఆ పక్కన నిలబడేవారట.

"ఆ ముసలోణ్ణి నేనడగను. కావాలంటే కెనడానే ఇక్కడికి రమ్మను," అన్నాడు అనిసెతో.

లువల్హాతి తండ్రికి చెప్పకుండా మేష్టారికే ఫోను చేసింది. మేష్టారు అంతా విని, "వాడిని ఎంత దూరం తీసుకెళ్తున్నావమ్మా?" అని అడిగాడు.

"పన్నెండు వేల కిలోమీటర్లు ఉంటుంది తాతయ్యా."

"సరిపోతుంది. రాస్తాను."

రాశాడు. కానీ తపాలాలో వెయ్యలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కర్ర పట్టుకుని, నలభై అడుగులూ నడిచి వెళ్లి అనిసెతో గుమ్మంలో నిలబడ్డాడు. ఒకడి గురించి రాసినది వాడి మొహం మీద చదివే పంపాలన్నది ఆయన పద్ధతి. అనిసెతో కూర్చోమనలేదు. మేష్టారు నిలబడే చదివాడు. ఆ కాగితం నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

"కెనడా అధికారులకు. ఇతను బాకా దొంగ. సందేహం లేదు. నేనే పట్టించాను. ఇతను మొండివాడు, నోటి దురుసు మనిషి, పేకాటలో ఓడితే బల్ల తన్నుతాడు. బాకా తప్ప వేరే ఏదీ ఎత్తుకుపోయినట్టు వినలేదు. ఆ రోజు పాకలోంచి స్వరం మొదలైనప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. పాట మధ్యలో ఆపించి ఉండవలసింది, ఆపించలేదు. పాట అయ్యాక క్షమించి ఉండవలసింది, క్షమించలేదు. ఇంటికొచ్చిన మేనల్లుడి మాట కాదనలేక బాకా అతనికి ఇచ్చాను. వాడికి అడుగు తెలియదు. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇతన్ని మీ దేశం తీసుకుపోతే మా వీధి ప్రశాంతంగా ఉంటుంది. త్వరగా తీసుకుపోవలసిందిగా మనవి."

చదవడం అయ్యాక మేష్టారు కాగితం మడిచాడు. అనిసెతో, "పేకాటలో బల్ల తన్నింది నువ్వు," అన్నాడు.

"నేను తన్నలేదు. కాలు తిమ్మిరెక్కి చాపాను."

"కాఫీ తాగుతావా?"

"నీ కాఫీ మనుషులు తాగేదేనా?"

తాగాడట. రెండు గ్లాసులు. ఆ సంగతి లువల్హాతికి చెబుతూ అనిసెతో వేరే ఏమీ అనలేదు. ముసలోడు పంచదార ఎక్కువ వేసుకుంటున్నాడని, ఆ వయసులో మంచిది కాదని మాత్రం అన్నాడు.

అన్నీ కలిపి ఒక అట్టపెట్టెడు కాగితాలు పంపాం. పద్నాలుగు నెలలు ఏ కబురూ లేదు. ప్రతి గురువారం లువల్హాతి నా బల్ల దగ్గరికి వచ్చి, ఏమీ అడక్కుండా ఆసుపత్రిలో మిగిలిన కేకు ముక్క పెట్టి వెళ్లేది. నేను రెండు కిలోలు పెరిగాను. పదిహేనో నెలలో జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. నేరం జరిగి తగినన్ని సంవత్సరాలు గడిచినందున దాన్ని అభ్యంతరంగా పరిగణించడం లేదు. దరఖాస్తు ఆమోదించడమైనది.

లువల్హాతి నేలమాళిగలోనే గంతులేసింది. తండ్రికి ఫోను చేసి చదివి వినిపించింది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే నాన్నా. వచ్చేస్తున్నావు."

"నా ఉత్తరం గురించి ఏమీ రాయలేదా?"

"లేదు."

"మూడు పేజీలు రాశాను. చదివారా అసలు?"

"చదివే ఉంటారు."

"బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది వాళ్లకి," అన్నాడు. మూడు రోజులు అలిగి కూతురి ఫోను ఎత్తలేదు. మేష్టారే వెళ్లి, కెనడావాళ్లకి సంగీతం తెలియకపోతే నువ్వేం చేస్తావని సముదాయించాడట.

మార్చిలో దిగాడు. అప్పటికి రెండేళ్లుగా మేమంతా ఆయన చెవిలో ఒకే మాట పోశాం: దాచకు, అడిగితే ఉన్నది చెప్పెయ్. ఆయన దాన్ని ఒంటికి పట్టించుకున్నాడు. విమానాశ్రయంలో సుంకాల అధికారి చెప్పవలసినవి ఏమైనా ఉన్నాయా అని అడిగింది. ఎండుచేపలు, మామిడి విత్తనాలు ఉన్నాయా అని ఆమె ఉద్దేశం. అనిసెతో చేతులు కట్టుకుని నిలబడి, వచ్చిన ఇంగ్లీషులో, "దొంగతనం. ఎనభై ఎనిమిది. అయిదు నెలలు," అన్నాడు. ఆయన్ని పక్క గదిలో కూర్చోబెట్టారు. లువల్హాతి బయట గంటన్నర నిలబడింది. కాగితాలన్నీ చూసి వాళ్లు ఆయన్ని వదిలేశారు. ఎండుచేపల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సంచీలో రెండు కిలోలున్నాయి.

అక్కడితో ఆగలేదు. రక్తపోటు చూసే డాక్టరు పాత జబ్బులేమైనా ఉన్నాయా అంటే అయిదు నెలలని చెప్పాడు. బస్సు డ్రైవరుకి చెప్పాడు. గ్రంథాలయం కార్డు ఫారంలో ఆ ప్రశ్న లేకపోతే, మర్చిపోయి ఉంటారని తనే కింద గీత గీసి, రాసి ఇచ్చాడు. అక్కడి అమ్మాయి దాన్ని చదివి, "మీకు పుస్తకాలు మూడు వారాలే," అని నవ్వుతూ అందట. అదేదో శిక్ష తగ్గించినట్టు ఇంటికొచ్చి చెప్పాడు.

"నాన్నా, ఇక చాలు. కాగితం వచ్చేసింది. ఎవరికీ చెప్పక్కర్లేదు," అని లువల్హాతి బతిమాలింది.

"దాచడం తప్పన్నారు. చెప్పడం తప్పంటున్నారు. మీ దేశానికి ఏం కావాలో ముందు తేల్చుకోండి."

ఆయన వచ్చి ఇప్పటికి నాలుగో చలికాలం. లువల్హాతి కవల పిల్లలు ఆయన దగ్గరే పెరుగుతున్నారు. ఇద్దరికీ పోట్లాడుతున్నట్టుండే బతంగాస్ యాస పట్టుబడింది. స్కూల్లో టీచరు బెదిరిపోతోంది. మంచు తవ్వడం ఆయనకి చాలా ఇష్టమైపోయింది. తమ వాకిలి అయ్యాక అడక్కుండా పక్కవాళ్లదీ, వాళ్ల పక్కవాళ్లదీ తవ్వేస్తాడు. ఒకసారి తవ్విన మంచంతా మూడో ఇంటి కారు మీద పోశాడు. ఆ తర్వాత కొంచెం చూసుకుంటున్నాడు.

శనివారం సాయంత్రం ఆరింటికి మేష్టారు ఫోను చేస్తాడు. అక్కడ ఆదివారం పొద్దున. మొదటి పావుగంట పోట్లాడుకుంటారు. ఎవరి కాఫీ బాగుంటుంది, ఎవరి మోకాలు ముందు పోతుంది, ఊళ్లో ఎవరు పోయారు, పోయినవాడు మంచివాడా కాదా. ఆ తర్వాత మాటలైపోతాయి. ఎవరూ ఫోను పెట్టెయ్యరు. ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి అనిసెతో ఇక్కడ బల్ల దగ్గర కూర్చుంటాడు, ఆయన అక్కడ అరుగు మీద కూర్చుంటాడు. ఒకరు గ్లాసు పెట్టిన చప్పుడు ఇంకొకరికి వినబడుతూ ఉంటుంది. లువల్హాతి వంటింట్లో అన్నం పెట్టుకుంటూ, ఇంటర్నెట్టు అంతసేపు ఎందుకురా బాబూ అని గొణుక్కుంటుంది. కట్టెయ్యదు.